సున్నా చెల్లదు

"ఏమే హైమా, ఎవరూ ఏమీ అనడం లేదేమే? నాకెందుకో భయంగా ఉంది."

ఈ మాట నేను పైకే అన్నాను. అప్పటికింకా ఏమీ జరగలేదు. షెడ్డులో ఆడవాళ్ళు వరసగా కూర్చుని జీడిపప్పు మీద పొట్టు తీస్తున్నారు. ఒకామె కూనిరాగం తీస్తోంది, పక్కామె దానికి నవ్వుతోంది. పైన పంకా తిరుగుతోంది. మా అమ్మాయి హైమావతి జల్లెడ దగ్గర నిలబడి విరగని గుండ్లు ఒక పక్కకీ విరిగిన బద్దలు ఒక పక్కకీ తీయిస్తోంది. యూనిట్ దానిదే. నేను ఊరికే తోడు కూర్చునేదాన్ని.

"అంటే ఒక భయం, అనకపోతే ఒక భయమా అమ్మా?" అంది.

"పసిపిల్ల ఏడవకుండా మరీ ఎక్కువసేపు పడుకుంటే తల్లి ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తుంది. ఇదీ అంతే. ఇంతమంది ఆడవాళ్ళు ఒకచోట కూర్చుని నెలల తరబడి పోట్లాడుకోకపోవడం నేను పుట్టింట్లోనూ చూడలేదు, అత్తింట్లోనూ చూడలేదు."

నేను ఎనిమిదో తరగతి దాకా చదివాను. చదువుకున్నవాళ్ళ భయాలు నాకు రావు. నావన్నీ వంటింట్లో పుట్టిన భయాలు. పాలు పొంగితే భయం, పొంగకపోతే పొయ్యి ఆరిపోయిందేమోనని భయం. హైమ వీటిని లెక్కచేయదు. కానీ ఈసారి నా భయానికి ప్రభుత్వపు ముద్ర పడింది. ఆ సాయంత్రమే పాత్రుడుగారు వచ్చారు.

పాత్రుడుగారు మా రోడ్డు మీదున్న యూనిట్లన్నింటికీ కన్సల్టెంటు. యజమానులు కార్మిక నిబంధనలు తప్పకుండా చూడడం ఆయన పని. నిబంధనలు రోజూ మారతాయి కనుక ఆయనకు రోజూ పని ఉంటుంది. జేబులో ఫోను కుయ్యిమన్నప్పుడల్లా టీ గ్లాసు కింద పెట్టి, కళ్ళజోడు పైకి తోసి, "సవరణ" అంటారు. దగ్గరి బంధువు పోయాడని చెప్పినట్టు ఉంటుంది ఆ మాట. ఒక్కోసారి నిజంగానే బాధపడతారు. "పాపం, పోయిన సవరణ వారం కూడా బతకలేదమ్మా. మంచి సవరణ."

ఆ రోజు టీ ఇవ్వకముందే అడిగారు. "పోయిన నెల మీ దగ్గర ఎన్ని ఫిర్యాదులొచ్చాయి?"

"ఒక్కటీ రాలేదండీ," అంది హైమ, కొంచెం గర్వంగానే.

"అయ్యో!" అని ఆయన కూలబడ్డారు.

శ్రామిక సామరస్య మండలి వారు కొత్త ఉత్తర్వు పంపారట. చదివి వినిపించారు. "శూన్య ఫిర్యాదు అనగా అణచివేయబడిన ఫిర్యాదుగా పరిగణించబడును. ఫిర్యాదు లేని సంస్థ మౌన సంస్థగా గుర్తించబడును. మౌనము వీడని సంస్థ మూసివేయబడును."

"అంటే ఏమిటండీ?" అన్నాను.

"అంటే సున్నా చెల్లదమ్మా. పోర్టల్‌లో సున్నా కొడితే పెట్టె ఎర్రబడిపోతుంది. అలా ఇంకో రెండుసార్లు ఎర్రబడితే మండలి వాళ్ళొచ్చి షట్టరు దించి, లక్క ముద్ర వేసి పోతారు."

నేను హైమ వైపు చూశాను. ఇంతకుముందే చెప్పాను కదా అన్నట్టు చూశాను. ఆ క్షణంలో భయంతోపాటు కాస్త గర్వం కూడా కలిగిన మాట నిజం. ఎనిమిదో తరగతి చదివిన నాకూ, మండలిలో కూర్చున్న పెద్దలకూ ఒకే రకం బుర్ర ఉన్నందుకు.

కానీ గర్వం ఎంతసేపు? ఆ షట్టరు కోసం హైమ చేస్తున్న బ్యాంకు ఉద్యోగం వదిలింది. వేసవంతా జీడిపిక్కలు కొనడానికి తోటల వెంట తిరిగి నల్లబడింది. ఆ షట్టరు లోపల కూర్చున్న ఆడవాళ్ళలో సగంమంది ఇళ్ళల్లో పొయ్యి వెలిగేది ఆ పప్పు మీదే. దాని మీద లక్క ముద్రా!

"ఫిర్యాదులేగా, పెట్టిద్దాం లెండి," అంది హైమ.

"పెట్టించడానికి ముందు గది కావాలి," అన్నారు పాత్రుడుగారు. మళ్ళీ చదివారు. "ఫిర్యాదుదారు నిర్భయముగా మాట్లాడుటకు వీలుగా నాలుగు పక్కల గోడ గలదియు, లోపలి నుండి గడియ గలదియు, బయటివారి చూపు పడనంత ఎత్తున కిటికీ గలదియు అగు ప్రత్యేక గది ఉండవలెను."

ముగ్గురం యూనిట్ అంతా తిరిగాం. షెడ్డుకి గోడలు మూడే. గోదాముకి గడియ బయట ఉంది. ఆఫీసు అంటే అద్దాల పెట్టె. వెనక్కి వచ్చేసరికి పాత్రుడుగారు ఒక తలుపు దగ్గర ఆగారు. తోసి లోపలికెళ్ళారు. గడియ వేసుకున్నారు. చాలాసేపు రాలేదు. వచ్చేటప్పటికి ఆయన మొహం వెలిగిపోతోంది.

"అన్నీ ఉన్నాయి! నాలుగు గోడలు, లోపలి గడియ, ఎత్తున కిటికీ. ఈ ఉత్తర్వు రాసినాయన ఎక్కడ కూర్చుని రాశాడో ఇప్పుడర్థమైంది నాకు."

"అది మరుగుదొడ్డి కదండీ!" అంది హైమ.

"ఇప్పటిదాకా."

"కొత్త గది కడతాను."

"కట్టొచ్చు. ప్లాను గీయించాలి, అనుమతికి పెట్టాలి, అనుమతి వచ్చేసరికి నీ పప్పుకి పురుగు పడుతుంది. గడువు నెలాఖరే తల్లీ."

"మరి ఆడవాళ్ళు ఎక్కడికెళ్తారండీ?" అని నేనే అడిగాను. ఆ మాట అడిగింది నేనే. దేవుడు విన్నాడు.

పాత్రుడుగారు జాలిగా నవ్వారు. "అమ్మా, మరుగుదొడ్డి కలదని పోయినేడే ఫొటోతో సహా ఎక్కించాం. పోర్టల్‌లో పచ్చ టిక్కు ఉంది. పచ్చ టిక్కు ఉన్నంతకాలం మరుగుదొడ్డి ఉన్నట్టే."

నేను అడిగాను, జవాబు వచ్చింది. ఇంక అది నా బాధ్యత కాదనుకున్నాను. మాకు ఇబ్బందేమీ లేదు కూడా. మధ్యాహ్నం నేనూ హైమా స్కూటీ మీద ఇంటికెళ్ళి భోంచేసి వస్తాం.

వడ్రంగి వచ్చి లోపలి తెల్ల గిన్నె మీద చెక్క బిగించాడు. పోయినేడే ఏదో సవరణ వచ్చి నేల రకం తీయించి కుర్చీ రకం పెట్టించాం. అది ఇప్పుడిలా కలిసొచ్చింది. అధికారి కూర్చోవడానికి బాగుంటుందని నేనొక దిండు కుట్టి, దాని మీద నెమలి బొమ్మ అల్లాను. ఎదురుగా ఫిర్యాదుదారుకి ఒక ముక్కాలి పీట. తలుపు మీద బోర్డు: ఫిర్యాదుల గది.

మంచిరోజు చూసి కొబ్బరికాయ కొట్టాం. గడపకి పసుపు రాశాను. ఆడవాళ్ళందరూ నిలబడి చూశారు. వెనక గున్నమ్మ చెంబుతో నీళ్ళు పట్టుకుని నిలబడి ఉంది. గున్నమ్మ మాట తక్కువ మనిషి. చెయ్యి మాత్రం మంచిది, ఆమె తీసిన పప్పులో బద్ద ఉండదు. గడపకి నీళ్ళు చల్లడానికి తెచ్చింది కాబోలు, ఎంత బుద్ధిమంతురాలు అనుకుని, ఆ చెంబు నేనే అందుకుని గడపంతా చల్లేశాను. గున్నమ్మ ఖాళీ చెంబు వైపు చూసింది, తలుపు వైపు చూసింది, వెళ్ళి తన చోట కూర్చుంది.

మొదటి ఫిర్యాదు తవిటమ్మ ఇవ్వాలని నిర్ణయమైంది. ఎందుకంటే మాట్లాడడంలో ఆవిడకు సాటి లేదు. పాత్రుడుగారు లోపల ఫోనుతో కూర్చున్నారు. గోప్యత సరిగ్గా పాటిస్తున్నారో లేదో చూడడానికి నేను కిటికీ కింద పిక్కల బస్తా ఎక్కి విన్నాను.

"చెప్పు తవిటమ్మా, నీ బాధేమిటి?"

"నాకేటి బాద బాబూ? పప్పు బాగున్నాది, తీత్తన్నాను."

"అలా కాదు. బాధ ఉండి తీరాలి."

"ఉండాల్నా? అయితే మా కోడలున్నాది బాబూ..."

"కోడలు ఈ సంస్థలో పనిచేస్తుందా?"

"అది ఇంట్లోనే పన్చెయ్యదు, ఈడేటి సేత్తాది?"

పాత్రుడుగారు నిట్టూర్చారు. పోర్టల్‌లో కోడళ్ళకు గడి లేదట. జీతం, పని గంటలు, ప్రవర్తన, గాలి వెలుతురు, సదుపాయాలు, అంతే.

"సదుపాయాలా?" తవిటమ్మ గొంతు మారింది. "అయితే రాయి బాబూ. ఈ గదికి బోర్డెట్టినకాడ్నించి మాకు ఎల్లడానికి సోటు నేదు. అది రాయి."

కాసేపు లోపల ఫోను మీద వేలు పడుతున్న చప్పుడు. తరవాత కుయ్యిమంది, కానీ మామూలు కుయ్యి కాదు. పాత్రుడుగారు చదివారు. "కలిగియున్న సదుపాయము లేదనుట అసత్య ఫిర్యాదు. అట్టి ఫిర్యాదుదారుపై చర్య గైకొనబడును." ఆపైన గొంతు తగ్గించారు. "చూశావా తల్లీ? మరుగుదొడ్డికి పచ్చ టిక్కు ఉంది. లేదంటే అబద్ధం నీదవుతుంది. నీ మంచి కోరి చెరిపేస్తున్నాను. ఇంకోటి చెప్పు."

"ఇంకోటేటి సెప్తాను? నా బాదకి నా మీదే కేసా? ఓలమ్మ, బాగున్నాదిది!"

"ఏదో ఒకటి చెప్పు తల్లీ, షట్టరు పడిపోతుంది."

షట్టరు మాట వినేసరికి తవిటమ్మ మెత్తబడింది. "మరయితే... పంకా గాలికి పొట్టెగిరి కళ్ళల్లో పడతన్నాది."

"అద్భుతం!" అని పాత్రుడుగారు ఎగిరినంత పని చేశారు. పోర్టల్‌లో అది 'అధిక వాయు ప్రసరణ' అయింది. పెట్టె పచ్చబడింది. నేను బస్తా మీదే దేవుడికి దండం పెట్టుకున్నాను.

ఫిర్యాదు వస్తే పరిష్కరించాలి. పంకా విప్పించాం. మర్నెల ఆడవాళ్ళందరూ చెమటతో తడిసి, 'వాయు ప్రసరణ లోపము' అని ఫిర్యాదు చేశారు. పంకా బిగించాం. "ఈ పంకా ఒక్కటి ఉంటే చాలమ్మా, మనకు జీవితాంతం ఢోకా లేదు," అన్నారు పాత్రుడుగారు. అంతలో జేబులో ఫోను మోగింది. ఒకే విషయమై తిరుగు ఫిర్యాదు నకలు ఫిర్యాదట, చెల్లదట.

అప్పుడే నాకు ఇంకో బెంగ పట్టుకుంది. షెడ్డు మూల మంచినీళ్ళ కుండ ఉంది. మునుపు మధ్యాహ్నానికే ఖాళీ అయ్యేది. ఇప్పుడు సాయంత్రం మూత తీసి చూస్తే పొద్దున్న నింపిన నీళ్ళు నింపినట్టే ఉంటున్నాయి. బల్లి పడిందేమోనని కుండ కడిగించాను. కొత్త కుండ తెప్పించాను. నీళ్ళు తేరడానికి చిల్లగింజ అరగదీసి వేశాను. అయినా ఎవరూ తాగరు. ఎండకు నాలుకలు పిడచకట్టుకుపోతుంటే పెదాలు తడుపుకుంటూ పప్పు తీస్తారు గానీ, కుండ వైపు చూడరు.

ఇంకోటి. మధ్యమధ్యలో ఇద్దరిద్దరు లేచి, చేతులు పట్టుకుని, పెద్ద రోడ్డు దాటి పెట్రోలు బంకు వైపు వెళ్ళడం మొదలుపెట్టారు. రోడ్డు మీద లారీలు ఎలా పోతాయో తెలిసిందే. నాకు వచ్చిన మొదటి భయం లారీ. రెండో భయం, బంకు దగ్గర ఎవరో వీళ్ళను కూడగట్టి యూనియన్ పెట్టిస్తున్నారేమోనని. కొన్నాళ్ళకి ఆ వెళ్ళడమూ ఆగింది. హమ్మయ్య అనుకుని తవిటమ్మను అడిగాను.

"బంకుకి ఎల్లడం మానేశారేం?"

"ఆల్లకీ సున్నా సెల్లనేదంట అమ్మా. ఆడా బోర్డెట్టీసినారు."

బంకులోనే కాదు. మిఠాయి కొట్టులో, బట్టల షాపులో, రైసుమిల్లులో, బస్సు కాంప్లెక్సులో, ఎక్కడ నలుగురు పనివాళ్ళుంటే అక్కడ పాత్రుడుగారు నాలుగు గోడలూ లోపలి గడియా చూసి పెట్టారు. మా ఊరు జిల్లాకే ఆదర్శమని పేపర్లో పడింది. మా ఊళ్ళో ఉన్నన్ని ఫిర్యాదుల గదులు ఇంకెక్కడా లేవట.

అయినా మండలికి తృప్తి లేదు. ఫిర్యాదుల నాణ్యత బాగాలేదని శిక్షణ పెట్టింది. 'ఫిర్యాదు చేయు విధము' అని. కార్మికులందరూ మండలి భవనానికి రావాలి, యజమాని తరపున ఒకరు రావాలి. హైమకు పని ఉందని నేనే వెళ్ళాను. చొక్కాకి మైకు తగిలించుకున్న శిక్షకుడు వేదిక మీద అటూ ఇటూ నడిచాడు.

"అసంతృప్తి యనునది కార్మికుని ప్రాథమిక సంపద. దానిని దాచుకొనరాదు. ముందుగా ముఖమును సిద్ధము చేసికొనుడు. కనుబొమలు ముడువుడు. ఇంకా. పెదవులు క్రిందికి."

మా వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని పగలబడి నవ్వారు.

"ఆనందమును నియంత్రించుకొనుడు!"

"నవ్వొత్తన్నాది బాబూ, ఏటి సేమంటావు?" అంది తవిటమ్మ. "మా మొకాలు మీరు సూడ్డం నేదు గానీ, మాకు అగుపిత్తన్నాయి."

కానీ ఒకటి గమనించాను. ఆ రోజంతా మావాళ్ళు గ్లాసుల మీద గ్లాసులు మంచినీళ్ళు తాగారు. హాలు వెనక మరుగుదొడ్ల దగ్గర పొడుగాటి వరస. లేచి వెళ్ళడం, తేలిక పడ్డ మొహాలతో వచ్చి కూర్చోవడం, మళ్ళీ తాగడం. మండలి భవనంలో మరుగుదొడ్లు చెక్కుచెదరకుండా ఉన్నాయి. మండలి మీద ఫిర్యాదు చేసే నిబంధన లేదు కనుక అక్కడ ఫిర్యాదుల గది అక్కర్లేదు. సాయంత్రం ఆడవాళ్ళందరూ శిక్షకుడి చుట్టూ మూగి, "మల్లా ఎప్పుడు బాబూ? రేపుంటాదా?" అని బతిమాలారు. ఆయన కళ్ళు చెమర్చాయి. తన ప్రసంగానికి ఇంత ఆదరణ ఎన్నడూ చూడలేదట.

తరవాత వచ్చిన సవరణ అన్నింటిలోకీ పెద్దది. సంస్థ మొత్తానికి ఫిర్యాదులుంటే చాలదు, ప్రతి కార్మికురాలూ తనదంటూ ఒకటి ఇవ్వాలి. ఇవ్వని మనిషి మౌన కార్మికురాలు. ఒక్క మౌన కార్మికురాలున్నా ఆ సంస్థ మౌన సంస్థే. ఫిర్యాదు చెప్పే సమయం పని సమయం కనుక దానికి జీతం ఇవ్వాలి. చెప్పకుండా కూర్చుంటే మాత్రం, "మౌనమునకు వేతనము లేదు."

ఆడవాళ్ళు తలా ఒకటి ఇచ్చారు, షట్టరు మీద జాలితో. దాలెమ్మ పక్కామె పాట బాగాలేదంది. పోలమ్మ పప్పు వాసనకు ఆకలేస్తోందంది. పాత్రుడుగారు అన్నింటినీ మండలి భాషలోకి మార్చి పచ్చ చేశారు. మిగిలింది గున్నమ్మ.

గున్నమ్మ పిలిస్తే వస్తుంది. ముక్కాలి పీట మీద కూర్చుంటుంది. ఎదురుగా పాత్రుడుగారి కిందనుంచి తోక బయటికొచ్చిన నెమలి వైపు చూస్తుంది. మాట్లాడదు.

"గాలి ఎక్కువైందని చెప్పు," అంటారు పాత్రుడుగారు. లేదు. "తక్కువైందను." లేదు. "పోనీ నేనంటే ఇష్టం లేదని చెప్పు, అదైనా రాసుకుంటాను." గున్నమ్మ ఆయన వైపు కూడా చూడదు. నెమలినే చూస్తుంది. కాసేపటికి లేచి వెళ్ళి పప్పు దగ్గర కూర్చుంటుంది.

ఇంతలో తనిఖీ అన్నారు. మండలి నుంచి పర్యవేక్షకులు అంబరీషరావుగారు స్వయంగా వస్తున్నారట. మౌన కార్మికురాలు ఉన్న చోట అప్పటికప్పుడే ముద్ర. మా ముందరి రోడ్డు చివర ఐసు ఫ్యాక్టరీకి అలాగే పడింది. లక్క ఎర్రగా, నెత్తురు చుక్కలా ఉంది. నేను చూసొచ్చాను. చూడకుండా ఉండలేకపోయాను.

హైమ గున్నమ్మ పక్కన నేల మీద కూర్చుంది. "గున్నమ్మా, నీకు దండం పెడతాను. ఏదో ఒకటి అను. నా మీదైనా అను."

గున్నమ్మ హైమ చెంప మీద అంటుకున్న పొట్టు చేత్తో తుడిచింది. అంతే.

తవిటమ్మే అంది, తల ఎత్తకుండా. "దానికి సెప్పడానికి ఒకటే ఉన్నాదమ్మా. అదేటో మీకూ ఎరికే. ఆ ఒకటీ మీ పోన్ల సెల్లదు. సెల్లనిది సెప్పి కేసెట్టించుకోమంటారేటి?"

హైమ లేచింది. నేరుగా వెనక్కి వెళ్ళి బోర్డు మీద చెయ్యి వేసింది. "పీకేస్తానమ్మా. ఏమైతే అదవుతుంది."

నేనే అడ్డం పడ్డాను. "వద్దే. ముద్ర పడుతుందే. రేపొక్కరోజు గడవనీ. నీకేమైనా అయితే నేను చూడలేనే." ఏడ్చాను కూడా. నా ఏడుపు చూసి అది బోర్డు వదిలేసింది. నా భయం ఎప్పుడూ మా అమ్మాయి చెయ్యి కంటే బలమైంది.

మర్నాడు అంబరీషరావుగారి జీపు వచ్చేసరికి ఎండ నడినెత్తిన ఉంది. పొద్దున్నుంచీ మా రోడ్డు మీది సంస్థలన్నీ తనిఖీ చేసుకుంటూ వస్తున్నారు. ప్రతిచోటా కొబ్బరిబోండాం ఇచ్చారట. మనం ఒకటే ఇస్తే ఏమనుకుంటారోనని నేను రెండు కొట్టించాను. ఆయన వద్దన్నారు. నేను బతిమాలాను. తాగారు.

మనిషి పొడుగు, తెల్లటి చొక్కా. నడక మాత్రం కాస్త కురచగా, తొందరగా ఉంది. షెడ్డు చూడలేదు, పప్పు చూడలేదు. "ఫిర్యాదుల గది ఎచ్చట?" అన్నారు. చూసి సంతోషించారు. "నాలుగు గోడలు. గడియ. కిటికీ. ఉత్తర్వు మూర్తీభవించినట్లున్నది." నెమలి దిండు మీద కూర్చున్నారు. కాలు మీద కాలు వేసుకున్నారు. తీశారు. మళ్ళీ ఇంకో కాలు వేసుకున్నారు.

తలుపు ఎలా ఉండాలన్న ప్రశ్న వచ్చింది. గోప్యత కోసం మూయాలి, పారదర్శకత కోసం తెరవాలి. "గోప్యత పారదర్శకముగా ఉండవలెను," అని సెలవిచ్చి సగం తెరిపించారు. ఆ సగంలోంచి నేనూ, హైమా, పాత్రుడుగారూ, మా వెనక ఆడవాళ్ళందరూ తొంగి చూస్తున్నాం. గున్నమ్మ పీట మీద కూర్చుంది. బయట జీపులో లక్క, కొవ్వొత్తి ఉన్నాయి. డ్రైవరు వాటిని నీడకు జరపడం నేను చూశాను.

"అమ్మా," అన్నారు అంబరీషరావుగారు, "మీ మౌనము జిల్లా సగటును దిగజార్చుచున్నది. మీరు నిర్భయముగా పలుకవచ్చును. మీ వెనుక మండలి యున్నది."

గున్నమ్మ వెనక్కి తిరిగి చూసింది. వెనక మేమున్నాం. మళ్ళీ ముందుకి తిరిగింది.

"మీ యజమాని మిమ్ములను భయపెట్టినారా?"

లేదు, ఔను, ఏదీ లేదు. కిటికీలోంచి ఒక ఈగ వచ్చి, గది చూసుకుని, వెళ్ళిపోయింది. హైమ నా చెయ్యి పట్టుకుంది.

"ఆఖరు అవకాశము," అంటూ ఆయన మధ్యలో ఆగారు. నుదుటి మీద చెమట పట్టింది. రెండు మోకాళ్ళూ దగ్గరికి వచ్చాయి. పాత్రుడుగారిని సైగతో దగ్గరికి పిలిచి, గొంతు బాగా తగ్గించి అడిగారు. మండలి భాష కాదు, మామూలు భాష.

"ఏమయ్యా, ఇక్కడ మరుగుదొడ్డి ఎటు? పొద్దున్నుంచీ అడుగుతున్నాను, ఏ యూనిట్‌లోనూ ఎవడూ చెప్పడు."

"ఉందండీ," అన్నారు పాత్రుడుగారు అలవాటుగా. ఫోను తీసి చూపించారు. "పచ్చ టిక్కు..."

"టిక్కు కాదయ్యా! తలుపు! తలుపు చూపించు!"

పాత్రుడుగారి చేతిలో ఫోను కుయ్యిమంది. మొదటిసారి ఆయన దాని వైపు చూడలేదు. హైమ నా వైపు చూసింది, నేను నేల వైపు చూశాను. మరుగుదొడ్డి లేదంటే లేనందుకు ముద్ర. ఉందని చూపిస్తే ఫిర్యాదుల గది లేనందుకు ముద్ర. ఎటు చెప్పినా లక్క కరుగుతుంది. ఈ రోజు కోసమే పుట్టినప్పటినుంచీ భయపడుతున్నానేమో అనిపించింది నాకు. షెడ్డులో పంకా చప్పుడు ఇక్కడిదాకా వినిపిస్తోంది. అంబరీషరావుగారు పళ్ళు బిగబట్టి ఒక్కొక్కరి మొహమే చూసుకుంటూ వచ్చారు. హైమ, నేను, తవిటమ్మ, దాలెమ్మ. చివరికి ఆయన చూపు ఎదురుగా పీట మీద ఉన్న మనిషి దగ్గర ఆగింది.

గున్నమ్మ ఆయన కింద నలుగుతున్న ఆ నెమలి వైపు ఒకసారి చూసింది. తరవాత గొంతు సవరించుకుంది.

"మీరు కూకున్నది దాని మీదే బాబూ," అంది. "లెగండి. లెగిసి, ఎనక్కెల్లి వరసలో నిలబడండి. మీకన్నా ముందల్నించి మేమున్నాం."